మార్జాల కిశోర న్యాయం

కాకినాడలో ఒక విశ్రాంత తెలుగు పండితుడున్నారు. శ్రీవైష్ణవ సంప్రదాయంలోని రెండు న్యాయాలను విద్యార్థులకు బోధించడంలో ఆయనది అందెవేసిన చేయి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే పట్టుకొని వేలాడుతుంది. పిల్లికూన ఏ ప్రయత్నమూ చేయదు, తల్లే దానిని నోట కరచుకొని తీసికొనిపోతుంది. శరణాగతికి వడగలైవారు మొదటిదానిని, తెంగలైవారు రెండవదానిని దృష్టాంతంగా గ్రహించారు. ఇంత చెప్పిన ఆయన పిల్లికూనను ఎన్నడూ చేతిలోకి తీసుకొని ఎరుగరు. పదవీ విరమణ చేసిన ఏడాది, ఏడిళ్ళు తిరిగిన ఒక తల్లిపిల్లి ఆయన ఇంటి అటకమీద వదలిపోయిన కూనతో ఆ కొరత తీరింది. నుదుట నల్లని మచ్చ ఉండడంచేత దానికి చుక్క అని పేరు పెట్టారు.

చుక్క మూడేళ్ళు ఆ ఇంట పెరిగింది. ఉదయం ఆయన పత్రిక తెరిస్తే సరిగా చదువుతున్న పుటమీదనే వచ్చి పడుకొనేది. పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకొనే బంధువులు కొందరు రాకపోకలు తగ్గించారు. అందుకు ఆ దంపతులు పెద్దగా విచారించినట్లు లేదు. వంగదేశంలో పసిపిల్లలను కాచే షష్ఠీదేవికి పిల్లే వాహనమని ఆయన వారికి నచ్చజెప్పబోయేవారు. మహాబలిపురం శిల్పంలో ముంగాళ్ళెత్తి దొంగతపస్సు చేసే పిల్లి సంగతేమిటని వారు ఎదురడిగేవారు.

2022 శ్రావణంలో, ముసురు పట్టిన ఒక సాయంకాలం, మురుగుకాలువ పక్కన వణుకుతున్న కూననొకదానిని ఆయన కండువాలో చుట్టి తెచ్చారు. మూడవనాటికి అది చనిపోయింది. చలికి పోయిందనుకొన్నారు. అది పడుకొన్న గోనెపట్టాను జాడించి, ఆరబెట్టి, చుక్కకే పరిచారు. వారం తిరిగేసరికి చుక్క పాలు ముట్టడం మానింది. పసుపుపచ్చని నురుగు కక్కింది. నీళ్ళగిన్నెపై తల వాల్చి గంటలకొద్దీ కూర్చుంది, గుక్కెడైనా తాగలేదు.

“దాహంగానే ఉందండీ దానికి. తాగలేకపోతోంది,” అన్నారు ఆయన భార్య.

పశువైద్యుడు నెత్తురు పరీక్ష చేయించి, తెల్లకణాలు బాగా పడిపోయాయన్నారు. వ్యాధి పాన్‌ల్యూకోపీనియా. పార్వో జాతికి చెందిన ఆ వైరస్ ప్రేగుల లోపొరను, ఎముకల మజ్జను ఏకకాలంలో దెబ్బతీస్తుంది. సెలైన్ ఎక్కించి, ఇతర సూక్ష్మజీవులు చొరబడకుండా మందులిచ్చి, శరీరం తనంతట తాను కోలుకొనేదాకా నిలబెట్టడమే చికిత్స. టీకా ఉంది. ఇల్లు దాటని పిల్లికి సూదులెందుకని ఆయనే వాయిదా వేస్తూ వచ్చారు. ఆ వైరస్ ఏడాదిదాకా ఇంట్లో నిలిచి ఉండగలదని, సబ్బుకు చావదని, బ్లీచింగు నీళ్ళతో కడగాలని వైద్యుడు చెబుతూండగా ఆయనకు గోనెపట్టా జ్ఞాపకం వచ్చింది.

మూడవ రాత్రి చుక్క ఆయన ఒడిలోనే పోయింది. పెరట్లో నందివర్ధనం మొదట పాతిపెట్టారు.

“ఆ కూనను తేకుండా ఉండవలసింది,” అన్నారాయన.

“ఆ వానలో వదిలేసి రాగలిగేవారా?” అన్నారామె.

ఆయన మాట్లాడలేదు. తెల్లవారి గోనెపట్టాను తగులబెట్టి, గదులన్నీ తానే కడిగారు. చాలాకాలం పత్రికను మోకాళ్ళమీద సగానికి మడిచే చదివేవారు.

మరుసటి ఏడు వానలు మొదలైన తరువాత అటకమీద మళ్ళీ కూనల అరుపు వినవచ్చింది. ఆయన నిచ్చెన వేయలేదు. వైద్యునికి ఫోను చేసి, మొదటి టీకా ఎన్ని వారాలకు వేయాలని అడిగారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకన్నారు. ఆమె అప్పటికే గోడమీది క్యాలెండరు ముందు నిలబడి లెక్కపెడుతున్నారు.