మచ్చ చెప్పిన కథ

విశాఖ స్టేషన్లో పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం. కొత్తవలస, శృంగవరపుకోట దాటాక రైలు కొండెక్కడం మొదలెడుతుంది. ఇక సొరంగాలే సొరంగాలు. లైను మొత్తం మీద 58 అంటారు. పిల్లలకి లెక్క అప్పగించండి, అరకు వచ్చేదాకా అల్లరి చేయరు! ఎదురొచ్చే గూడ్సుల నిండా బైలదిల్లా ఇనుప ఖనిజం. 1960ల్లో ఈ లైను వేసింది దాన్ని విశాఖ పోర్టుకి చేర్చడానికే. ఆ దారినే మన్యం రోగులు కూడా దిగుతుంటారు, కేజీహెచ్‌కి. 1923 నుంచీ కొండలవాళ్లకి ఏ పెద్ద జబ్బు చేసినా ఆఖరి మెట్టు ఆ ఆస్పత్రే.

అరకు చుట్టుపక్కల వారపు సంతలో పసుపు, పిప్పళ్లు, చీపుళ్లు చూస్తూ ఓ తాత దగ్గర ఆగాను. పిప్పళ్లు కొలుస్తుంటే ముంజేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ కనిపించింది. కాలిందా తాతా అనడిగాను.

"కాల్లేదు బాబూ. మేక సచ్చిపోతే కోసినాం. నాలుగు రోజులకి దోమ కుట్టినట్టు లేచింది. పొక్కయింది, తరవాత నల్లగా మాడిపోయింది. నొప్పుంటే ముందే ఆస్పత్రికెళ్దును. నొప్పి లేదు కదాని ఊరుకున్నాను."

అది ఆంత్రాక్స్. మన పశువైద్యులు దొమ్మరోగం అంటారు. గ్రీకులో ఆ మాటకి అర్థం బొగ్గు. పుండు నలుపు చూసినవాళ్లకి ఆ పేరెందుకో వేరే చెప్పక్కర్లేదు. 2005లో విశాఖ జిల్లాలో చర్మానికి సోకిన ఆంత్రాక్స్ గురించి ఓ వైద్యపత్రికలో వ్యాసం వచ్చింది. దాని శీర్షికలో ఈ జిల్లాని జబ్బు స్థిరపడని ప్రాంతమనే రాశారు. ఆ తర్వాత 2016లో అరకులోయ మండలం కోడిపుంజువలస పేరు ఇదే జబ్బుతో పేపర్లకెక్కింది. 2022లో మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. జిల్లా పేరు మారినా నేల అదే కదా!

అసలు చిక్కంతా ఆ నేలతోనే. చచ్చిన పశువుని కోస్తే రక్తంలోని బ్యాక్టీరియాకి గాలి తగులుతుంది. అది గట్టి పెంకున్న గింజలా, సిద్ధబీజంగా మారి మట్టిలో చేరుతుంది. దశాబ్దాలైనా చావదు. గడ్డితోపాటు మేక నోట్లోకి, తోలు ఒలిచేవాడి చేతి గీతలోకి వెళుతుంది. ఈ సంగతి 1876లో జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ తేల్చాడు.

ఒంట్లోకి వెళ్లాక జరిగేది ఇంకా విచిత్రం. కాపలా కాసే తెల్లకణాలు ఆ సిద్ధబీజాన్ని మింగేస్తాయి. అది వాటి కడుపులోనే మొలకెత్తుతుంది. బ్యాక్టీరియా వదిలే ఒక ప్రోటీను మన కణాలకి తలుపు తెరుస్తుంది, ఆ తలుపులోంచి రెండు విషాలు దూరతాయి. ఒకటి కణాన్ని దెబ్బతీస్తుంది, రెండోది వాపు తెస్తుంది. రెండూ కలిసి ముందు పడగొట్టేది కాపలాదారునే. అందులో వాపు తెచ్చే విషం నొప్పి నరాలని కూడా జోకొట్టగలదని ఈమధ్య ఎలుకల మీద పరిశోధనల్లో తేలింది. తాత ఎందుకు ఊరుకున్నాడో అప్పుడర్థమైంది నాకు. మందు పడకపోతే చర్మానికి సోకిన ఈ జబ్బుతో 100 మందిలో 10 నుంచి 20 మంది దాకా చనిపోతారు. వేళకి పెన్సిలిన్ లాంటి మందు పడితే దాదాపు అందరూ బతుకుతారు.

బతికినవాళ్ల నెత్తురు ఆ పోరాటాన్ని మర్చిపోదు. టర్కీలో కైసేరి ప్రాంతంలో పశువుల నుంచి ఈ జబ్బు తగిలి కోలుకున్నవాళ్లని అక్కడి వైద్యులు, లండన్ శాస్త్రవేత్తలు కలిసి పరీక్షించారు. జబ్బు తగ్గి ఏళ్లు గడిచినా వాళ్ల టి-కణాలు ఆ తలుపు ప్రోటీనునీ, కణాన్ని దెబ్బతీసే విషాన్నీ గుర్తుపట్టాయని 2010లో ప్రకటించారు. మెరుగైన టీకాలకి ఆ జ్ఞాపకం దారి చూపుతుందని వాళ్ల ఆశ.

ఈ ముక్క తాతకి చెబితే నవ్వాడు. "అయితే నాకిక రాదేటి?"

అలా ధీమాగా ఉండకు అన్నాను. గుర్తుపట్టడం వేరు, ప్రతిసారీ గెలవడం వేరు. పైగా మాంసం తింటే పేగులకి సోకుతుంది, అది మరీ ప్రమాదం. ఉడికిస్తే పోతుందిలే అనుకోడానికీ లేదు, కోసేటప్పుడే అంటుకోవచ్చు. ముక్కునుంచి గడ్డకట్టని నల్లని నెత్తురు కారి చచ్చిన పశువుని కొయ్యకూడదు, తోలు తియ్యకూడదు. లోతుగా గొయ్యి తీసి సున్నం జల్లి పూడ్చెయ్యాలి. చెప్పడం నాకు తేలికే. ఏడాదికోసారి మాంసం చూసే ఇంట్లో మేకని పూడ్చిపెట్టడం ఎంత కష్టమో తాత మొహం చూస్తే తెలిసింది.

మరి పశువులకి ఏటా టీకా వేస్తే ఇదంతా ఉండదు కదా అంటే, తాత పిప్పళ్లు పొట్లం కట్టి చేతికిస్తూ అన్నాడు:

"అదే అడుగుదామనుకుంటన్నాను. సూదులేసే డాక్టరు మా ఊరికెప్పుడొస్తాడో, కిందకెళ్లాక కనుక్కుని సెప్తావా బాబూ?"