కాలికింద స్విచ్చు... ఆరు పిన్నుల కథ!

క్లబ్ డాన్సు పాట మొదలవుతుంది. ఎర్రలైటూ నీలంలైటూ మార్చి మార్చి వెలుగుతుంటాయి. మెరుపుల గౌనులో వ్యాంపు మెట్లు దిగుతూ వుంటే వెనకాల గిటారు పసిపిల్లాడిలా "వా... వా..." అంటుంది. ఆ శబ్దం ఎప్పుడైనా విన్నారా? వినకేం, వినేవుంటారు! పేరు తెలీకపోయినా ఈల వేసే వుంటారు. దాన్నే వా పెడల్ అంటారు. మనవాళ్ళు మెచ్చుకోడానికి "వహ్వా" అంటారు చూశారూ, ఇంచుమించు అదే!

దీని పుట్టుక ఓ తమాషా. 1966లో కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజనీరు, ఆంప్లిఫయర్‌లో ఖరీదైన స్విచ్చు తీసేసి దాని బదులు తిప్పుడు కంట్రోలు పెట్టబోయాడు. అది తిప్పుతుంటే ఈ "వా" బయటపడింది. 1967లో వోక్స్ పేరుతో బజారుకొచ్చిన పెడల్‌కి క్లైడ్ మెకాయ్ అనే ట్రంపెట్ వాద్యకారుడి పేరు పెట్టారు. 1968లో జిమీ హెండ్రిక్స్ దాంతో వీరవిహారం చేశాడు. ఇక 1971లో వచ్చిన "షాఫ్ట్" చిత్రం టైటిల్ సంగీతంలో చార్లెస్ పిట్స్ గిటారు చేసిన సందడి అంతా ఇంతా కాదు. ఆ పాటకి ఐజాక్ హేస్ ఆస్కార్ అందుకున్నాడు కూడాను!

సరే, అంత పెద్దవాళ్ళ సరసన నా సంగతి చెప్పుకోవడం ఏం బాగుంటుంది? అయినా చెబుతాను. నేను విజయవాడలో పెళ్ళిళ్ళకీ, ఫంక్షన్లకీ పాడే ఓ ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాను. పాత పాటల ప్రోగ్రామంటే పాతికకి తక్కువ కాకుండా పాటలుంటాయి. అందులో వా కావలసినవి మూడో, నాలుగో. మిగతావన్నీ మెలొడీలు. అంటే పెడల్ తొక్కే సమయంకన్నా తొక్కని సమయమే ఎక్కువ. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

నేను సెకండ్‌హాండులో కొన్న పెడల్ ఆన్‌లో వున్నప్పుడు బ్రహ్మాండం. ఆఫ్ చేస్తే మాత్రం గిటారు గొంతు మూగబోయేది. పై తీగెల తళుకంతా ఎటో పోయేది. ఓ రోజు రిహార్సల్లో మా మాస్టారు పాట ఆపేసి, "ఏమిట్రా అబ్బాయ్, గిటారు మీద గొంగళి కప్పావా?" అన్నారు.

"పెడల్ ఆఫ్‌లోనే వుంది మాస్టారూ!" అన్నాను.

"ఏమోరా. కీబోర్డులో కూడా గిటారుంది. గుర్తుపెట్టుకో!"

ఈ రోజుల్లో ఆ మాటకి అర్థం మీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. కీబోర్డు వాయించే ఒక్క మనిషి వుంటే ఫ్లూటు అక్కర్లేదు, వయొలిన్లు అక్కర్లేదు. మిగిలింది నేనే!

పెడల్‌ని మా వీధి చివర రేడియో రిపేరు బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్ళాను. అట్ట విప్పి ఒక్క చూపు చూసి, "స్విచ్చుకి మూడే పిన్నులున్నాయిరా. ఇది బయటికి పోయే దారినే మారుస్తోంది. లోపలికొచ్చే వైరు సర్క్యూట్‌కి ఎప్పుడూ తగిలే వుంది" అన్నాడు. చాలా పాత పెడళ్ళలో అదే పద్ధతిట. మేడమీద వాటావాళ్ళు నీళ్ళు పట్టుకుంటుంటే కింద కుళాయి ఎవరో తిప్పి వదిలేశారనుకోండి, పైన ధార సన్నబడదూ? అలాగే గిటారు పికప్ ఇచ్చే కాస్త కరెంటునీ ఆ సర్క్యూట్ తాగేస్తుంటే పై స్వరాలు నీరసించిపోతాయి.

అంచేత కొత్త పెడల్ సొంతంగా కట్టుకుందామని నిశ్చయించాను. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ తిరిగి సామాను తెచ్చాను. రెండు ట్రాన్సిస్టర్లు, 500 మిల్లీహెన్రీల కాయిలు, 100 కిలో ఓమ్‌ల కంట్రోలు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ... అవన్నీ బొమ్మ చూసి అతికించడమే. అసలు పరీక్ష ఆరు పిన్నుల కాలి స్విచ్చు దగ్గర!

రెండు వరసలు, వరసకి మూడేసి పిన్నులు. నడిమి పిన్నుల్లో ఒకదానికి గిటారు నుంచి వచ్చే వైరు, రెండోదానికి ఆంప్లిఫయర్‌కి పోయే వైరు. ఒక చివర రెండు పిన్నుల్నీ చిన్న వైరుతో కలిపేస్తే అది ఆఫ్ దారి. గిటారు తిన్నగా బయటికి పోతుంది, సర్క్యూట్ వాసన కూడా తగలదు. రెండో చివర పిన్నులు సర్క్యూట్ లోపలికీ, బయటికీ. అంతే! కాకపోతే స్విచ్చుని పక్కకి తిప్పి పట్టుకుంటే వరసలు తారుమారవుతాయి. అందుకని బాబాయ్ ముందే మల్టీమీటరు పెట్టి, నొక్కుతూ, "కుయ్" మన్న పిన్నులకి స్కెచ్‌పెన్నుతో గుర్తులు పెట్టించాడు. సోల్డరింగ్ ఐరన్ రెండు మూడు సెకన్లకి మించి ఆన్చనివ్వలేదు. వేడెక్కితే లోపల ప్లాస్టిక్ మెత్తబడి కాంటాక్టులు వదులైపోతాయిట. నొక్కినప్పుడు "టప్" మని చప్పుడు రాకుండా సర్క్యూట్ ముఖద్వారం నుంచి గ్రౌండ్‌కి ఒక మెగా ఓమ్ రెసిస్టరు వేశాం.

ఇంకా అయిపోలేదు. ఈ స్విచ్చు వుండేది పలక కింద, వేళ్ళ వైపు. ఎత్తు ఎక్కువైతే "వా" మధ్యలోనే ఆగిపోతుంది, తక్కువైతే ఎంత తొక్కినా పలకదు. నట్టు బిగించడం, లేచి నిలబడి తొక్కడం, మళ్ళీ కూచుని వదులు చెయ్యడం... ఆ సాయంత్రమంతా ఇదే కసరత్తు! పిన్ని టీ తెచ్చి, "కుట్టుమిషను నేర్చుకుంటున్నాడా ఏమిటి?" అని బాబాయ్‌ని అడిగింది.

ఆ ఆదివారం గుంటూరులో రిసెప్షన్. క్లబ్ పాట అదిరింది, కుర్రాళ్ళు కుర్చీలెక్కారు. దాని వెనకే లాలిపాటలాంటి మెలొడీ, మొదటి బిట్ నాదే. వేళ్ళతో బలంగా తొక్కాను. "టిక్". బిట్ వాయించాను. తీగె మీద గోరు తగిలిన చప్పుడుతో సహా పందిరి చివరిదాకా వినబడింది.

మాస్టారు వెనక్కి తిరగలేదు, మెచ్చుకోనూ లేదు. దిగేటప్పుడు మాత్రం, "వచ్చే వారం ఏలూరు. ఆ డబ్బా మర్చిపోకు" అన్నారు. వ్యాను ఎక్కబోతూ జాక్ పీకేశాను. పీకకపోతే బ్యాటరీ ఊరికే ఖర్చవుతూనే వుంటుంది సుమా!