అడగందే అమ్మైనా పెట్టదు

సిడ్నీ అనగానే మనవాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అనుకుంటారు. మా వారు టైల్స్ పని చేస్తారు. పెద్ద బిల్డర్ దగ్గర సబ్ కాంట్రాక్ట్ తీసుకుని, ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకుని అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్‌లు చేయిస్తారు. బిల్లులు, జీతాలు, పన్ను లెక్కలు నావి. పిల్లలు పడుకున్నాక వంటగది బల్ల మీదే మా ఆఫీసు.

పోయిన ఏడాది చివర్లో ఒక బిల్డర్ మాకు 48,000 డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు: "మాకు ఓనర్ ఇంకా ఇవ్వలేదు, రాగానే మీకిస్తాం." కాంట్రాక్టులో కూడా అలాగే రాసుంది. ఇక్కడేమో కుర్రాళ్ల జీతాలు ఆగవు, ఇంటి లోన్ ఆగదు. "పనిచ్చేవాడితో తగువు పెట్టుకుంటే రేపు ఎవరు పిలుస్తారు?" అని మా వారి భయం. ఆ భయం అబద్ధం కాదు.

నేను కూర్చుని చట్టం చదివాను. మా రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో ఇందుకోసం 1999 నుంచే ఒక చట్టం ఉంది, సెక్యూరిటీ ఆఫ్ పేమెంట్ యాక్ట్ అంటారు. "నాకొస్తేనే నీకిస్తా" అనే షరతు, సంతకం పెట్టినా సరే, దాని ముందు చెల్లదు. సబ్ కాంట్రాక్టర్ పేమెంట్ క్లెయిమ్ పంపాక 20 పనిదినాల్లో డబ్బివ్వాలి. తక్కువ ఇస్తానంటే 10 పనిదినాల్లోపు ఎంత, ఎందుకు అని పేమెంట్ షెడ్యూల్ రాసివ్వాలి. ఏమీ రాయకుండా ఊరుకుంటే అడిగినదంతా బాకీ అయిపోతుంది.

క్లెయిమ్ మీద మాత్రం ఇది ఫలానా చట్టం కింద చేస్తున్నదని ఒక వాక్యం ఉండి తీరాలి. 2019 అక్టోబరు నుంచి ఆ రూలు మళ్లీ వచ్చింది. ఆ వాక్యం చేర్చి, ఏ ఫ్లాట్‌లో ఎన్ని మీటర్ల పని అయిందో వరసగా రాసి, డిసెంబరు మొదటి వారంలో ఈమెయిల్ చేశాను. మా వారు రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు.

తొమ్మిదో పనిదినాన షెడ్యూల్ వచ్చింది. రెండు బాత్రూమ్‌లలో టైల్స్ సరిగా లేవని 11,000 కోసేస్తామన్నారు. మా వారి ముఖం చూడాలి! డబ్బు సంగతి అటుంచి, తన పనికి వంక పెట్టడం ఆయన తట్టుకోలేకపోయారు. "వేద్దాం" అన్నది ఈసారి ఆయనే.

షెడ్యూల్ అందిన 10 పనిదినాల్లో అడ్జుడికేషన్‌కి వెళ్లాలి. శని, ఆదివారాలు, పండగ సెలవులే కాక డిసెంబరు 27 నుంచి 31 వరకు కూడా ఈ చట్టంలో లెక్కలోకి రావు. గోడ క్యాలెండర్ మీద ఒక్కో రోజే కొట్టేస్తూ వచ్చాను. రోజూ పని అయ్యాక మా వారు తీసే ఫోటోలు, సూపర్‌వైజర్ "ఓకే" అన్న మెసేజ్‌లు అన్నీ జత చేశాం. షెడ్యూల్‌లో రాయని కొత్త కారణాలు బిల్డర్ తర్వాత చేర్చడానికి వీల్లేదు. అది మాకు కలిసొచ్చింది.

ఒప్పుకున్న 37,000 గడువులోపే పడింది. సంక్రాంతికి కుర్రాళ్ల జీతాలు ఇచ్చేశాం. మిగిలిన 11,000లో 8,500 ఇవ్వాలని అడ్జుడికేటర్ తేల్చారు. ఒక బాత్రూమ్‌లో వాలు నిజంగానే తేడాగా ఉందట. మా వారు వెళ్లి ఆ ఫోటో మళ్లీ చూసుకుని, "నిజమేలే" అన్నారు.

ఆ బిల్డర్ మళ్లీ పిలవలేదు. రెండు నెలలు పని పలచబడింది, ఇంటి ఖర్చు బిగించుకున్నాం. అత్తయ్య గారు ఫోన్‌లో "మంచిగా అడిగితే ఇచ్చేవాళ్లు కాదటమ్మా?" అన్నారు. మంచిగానే అడిగాం అత్తయ్యా, నాలుగు నెలలు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పనులుంటే, లెక్కలు చూసేది మీరే అయితే, మీ రాష్ట్రంలో గడువులెంతో ఇవాళే చూసుకోండి, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క. పెద్ద మొత్తమైతే లాయర్‌ని కలవండి. ఇప్పుడు మా ప్రతి క్లెయిమ్ మీదా ఆ ఒక్క వాక్యం ఉంటుంది. కొత్త బిల్డర్ ఎవరూ దానికి ఏమీ అనుకోలేదు.