పది సెకన్ల తోడు

నిప్పుతో ప్రయాణం చేస్తున్నామన్న స్పృహ కారులో కూర్చున్నవారికి సాధారణంగా ఉండదు. ఇంజనులో సెకనుకు పదులసార్లు ఇంధనం మండుతూ ఉంటేనే చక్రం కదులుతుంది. ఆ మంటకు ఇనుప గోడలు హద్దు. పాతబడిన గొట్టం నుండి కారిన పెట్రోలు, ఎలుక కొరికిన తీగ, ఫ్యూజు లేకుండా అదనంగా తగిలించిన దీపాలు - వీటిలో ఏ ఒక్కటైనా ఆ హద్దుకు వెలుపల మరొక నిప్పును పుట్టించగలదు.

బానెట్టు నుండి పొగ లేచిన కారు చుట్టూ జనం మూగడం మన రహదారులకు కొత్త కాదు. ఒకరు నీళ్ల సీసా తెస్తారు, మరొకరు ఇసుక చల్లుతారు. ఇసుక కొంత నయం. పెట్రోలు నీటికన్న తేలిక. నీటిపై తేలుతూ మంటను మరింత దూరం మోసుకుపోతుంది. మనవారి సహాయబుద్ధికి లోటు లేదు. లోటల్లా సాధనానిదే.

ఆ సాధనం కిలో పొడి నింపిన చిన్న ఎర్రని సిలిండరు. దుకాణాలలో దీనిని ఏబీసీ రకమంటారు. అందులోని మోనో అమోనియం ఫాస్ఫేటు పొడి మంటలో జరిగే రసాయన చర్యను అడ్డుకొని, మండే వస్తువుపై పొరలా పరచుకొంటుంది. కొన్నవారు సైతం దానిని డిక్కీలో సామాన్ల అడుగున పెట్టి మరచిపోవడం విచారకరం. దప్పిక వేసినప్పుడు బావి తవ్వడం ఎటువంటిదో, కారు కాలుతున్నప్పుడు పెట్టెలు దించడం అటువంటిది. చేతికందేలా ముందు సీటు కింద పట్టీతో బిగించాలి. వదులుగా ఉంటే దొర్లి పెడళ్ల కిందికి చేరగలదు. పీడనం చూపే ముల్లు ఆకుపచ్చ గడిలో ఉన్నదో లేదో నెలకొకసారి చూడాలి. కుదుపులకు పొడి అడుగున గట్టిపడుతుంది కనుక అప్పుడప్పుడు తలకిందులు చేసి కదపడం మంచిది.

దాని శక్తికి గల పరిమితి ఎరుగకపోవడం అది లేకపోవడం కంటె ప్రమాదకరం. పిన్ను లాగి పిడి నొక్కిన తరువాత దాదాపు పది సెకన్లలో అది ఖాళీ అవుతుంది. ఇంజను ఆపి, అందరినీ దించి దూరంగా పంపి, 101కి గాని 112కి గాని కబురు చేసిన తరువాతే ఆ పది సెకన్లను ఖర్చు చేయాలి. బానెట్టును పూర్తిగా ఎత్తితే గాలి చొరబడి మంట ముఖం మీదికి ఎగస్తుంది. కొద్దిగా తెరచిన సందులోనుండి మంట మొదలును చూసి కొట్టాలి.

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద కల్వర్టును ఢీకొన్న బస్సు మండిపోయి 45 మంది మరణించారు. అటువంటి మంటల ముందు కిలో పొడి ఏపాటిది? నిప్పు ఇంధనపు ట్యాంకును చేరినా, సీట్లకు అంటుకొన్నా సిలిండరును వదలి దూరం పోవలసిందే. విద్యుత్ కారులో లిథియం బ్యాటరీ రగిలినప్పుడూ అంతే. పైమంట ఆరినా లోపలి వేడి దానిని మళ్లీ రాజేస్తుంది. కారు ధరను తలచుకొని అక్కడే నిలబడేవారిని చూస్తే జాలి కలుగుతుంది.

ఈ సిలిండరు కొన్నవాని కారుకు గాక, ముందు ఆగిన పరాయి కారుకే పనికిరావచ్చు. తన క్యాబిన్‌లోని దానితో పరుగెత్తుకు వచ్చే లారీ డ్రైవరుకు ఆ కారు ఎవరిదో తెలియదు. కొంచెం వాడినా అందులో పీడనం నిలవదు. దానిని తిరిగి నింపించే ఖర్చు ఎవరిదని అతడు అడగడు.