యాడికి తెలుగులో జవాబిచ్చిన

ఈ సంక్రాంతికి తండాకు పోలే, పరీక్ష ఉందని చేవెళ్ల రూమ్‌లోనే ఉన్న. యాడి, చెల్లె జొన్న రొట్టెలు కట్టుకొని నా దగ్గరికే వచ్చిండ్రు.

చిలుకూరు గుడికని మొయినాబాద్ బస్సెక్కినం. ఈ రోడ్డు పొడుగునా వందల మర్రిచెట్లున్నయి. "ఇన్ని చెట్లు ఎవరు నాటిండ్రు?" అని యాడి గోర్ బోలిలో గట్టిగ అడిగింది. పక్కోళ్లు చూస్తున్నరని నేను మెల్లగ తెలుగులో, "నిజాం కాలం నాటివంట" అన్న. ఆమె ఇంక మాట్లాడలే.

గుళ్లో 11 ప్రదక్షిణలు చేసినా మనసు మనసుల లేదు. తిరుగు బస్సులో నేనే "యాడీ!" అని గట్టిగ పిలిచి, మా బోలిలోనే చేవెళ్ల దాకా ముచ్చట పెట్టిన. చెల్లె ఒకటే నవ్వుడు.

గోర్ బోలికి సొంత లిపి లేదు. మాట్లాడితేనే ఉంటది. గోండి, కోయ మాట్లాడే దోస్తులూ, మీరు బస్సులో ఇంటోళ్లతో ఏ భాషలో మాట్లాడుతరు?