నలభై నిమిషాల దూరం

భిలాయి ఉక్కునగరానికి ఉత్తరాన, నందిని సున్నపురాయి గనుల చెంత ఒక చిన్న విమానరంగం ఉన్నది. అక్కడి నుండి బస్తర్ సీమలోని జగదల్‌పూర్ విమానాశ్రయానికి పటంపై గీత గీస్తే, దాని పొడవు సుమారు 250 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న విమానానికి అది అరగంట దారి. కాని అంత స్వల్ప ప్రయాణంలో విమానం పైకెక్కడానికి, మళ్ళీ దిగడానికి పట్టే సమయమే అధికం. అందుచేత నలభై నిమిషాలని లెక్క వేయడం న్యాయం.

అయితే ఆ గీత మీద ప్రయాణికుల విమానం నడవదు. భిలాయివాసి ముందుగా తూర్పున ఉన్న రాయపూర్ విమానాశ్రయానికి చేరాలి. ఆ దారికి ఒక గంట, అక్కడ నిరీక్షణకు మరొక గంట, ఆపైన ఆకాశయానం. ఇంటి గడప నుండి గడపకు లెక్కిస్తే నలభై నిమిషాలు మూడు గంటలు దాటుతాయి. అయినా ధమ్‌తరి, కాంకేర్ మీదుగా కేశ్‌కాల్ కనుమ ఎక్కి సాగే రోడ్డు ప్రయాణానికి ఆరేడు గంటలు పడుతుంది గనుక, లాభం లాభమే.

ఆ లాభాన్ని ప్రజలకు అందించే ప్రయత్నం భిలాయిలోనే మొదలయింది. 2018 జూన్ 14న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ విస్తరించిన ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేస్తూ, జగదల్‌పూర్-రాయపూర్ విమానసేవను కూడా ప్రారంభించారు. ఇరవై మందికి మించి పట్టని ఆ విమానాల సేవ ఎంతో కాలం నిలవలేదు. 2020 సెప్టెంబరు 21న హైదరాబాద్, జగదల్‌పూర్, రాయపూర్‌లను కలుపుతూ పెద్ద విమానం వచ్చినప్పుడు గాని ఆ దారి మళ్ళీ తెరుచుకోలేదు.

భూమి మీద కథ మరింత విచిత్రం. 1959లో తొలి కొలిమి వెలిగిన నాటి నుండి దేశానికి ఉక్కునిస్తూ, 260 మీటర్ల పొడవైన రైలుపట్టాలను సైతం తయారుచేస్తున్న భిలాయి నుండి జగదల్‌పూర్‌కు సూటిగా రైలుమార్గం లేదు. దల్లీరాజహరా, రావ్‌ఘాట్ మీదుగా వేయదలచిన మార్గం ఇంకా జగదల్‌పూర్ చేరలేదు. రైలులో పోదలచినవారు ఒడిశాలోని రాయగడ, కోరాపుట్‌ల మీదుగా చుట్టు తిరగవలసిందే.

బస్తర్‌లో తల్లికి జబ్బు చేసినదని రాత్రివేళ కబురందుకున్న కార్మికుణ్ణి ఊహించుకోండి. విమానం ఎంతసేపట్లో చేరుతుందని అతడు అడగడు. “రేపు విమానం ఉన్నదా?” అని అడుగుతాడు. ఉన్నదంటే జగదల్‌పూర్ మధ్యాహ్నానికల్లా చేరగల ఊరు. లేదంటే అది ఒక పగలంతటి దూరం. పటం మీది గీత మాత్రం రెండు వేళలా ఒక్కటే. మారుమూల సీమలకు దారి వేయడం ఎంత గొప్పో, వేసిన దారిని ప్రతిదినం తెరచి ఉంచడం అంతకంటె గొప్ప.