పరదేశమున కీర్తనలు

ఖరగ్‌పూరులోని గోల్‌బజార్‌లో నడచువానికి తాను వంగదేశమున ఉన్న సంగతి కొంతసేపు మరపునకు వచ్చును. బేరము బంగాళీలో మొదలై, హిందీలో సాగి, చిల్లర లెక్క దగ్గరకు వచ్చుసరికి తెలుగులో ముగియుట అచ్చట వింత కాదు. దీనికి కారణము రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూరును తన కూడలిగా చేసికొని పెద్ద కర్మాగారమును నెలకొల్పినపుడు, విశాఖపట్టణము, శ్రీకాకుళము, గంజాము ప్రాంతముల నుండి తెలుగువారు పనికై తరలివచ్చిరి. వచ్చినవారు పెట్టెబేడలతోపాటు తమ దేవతలను, పండుగలను, పాటలను తెచ్చుకొనిరి. వారిలో క్రైస్తవులైనవారు తెచ్చుకొన్నది తెలుగు బైబిలు. అందులోను ముఖ్యముగా కీర్తనల గ్రంథము.

ఆ గ్రంథమునకు ఈ ఊరిలో మూడు పేర్లు. తెలుగువారు ‘కీర్తనలు’ అందురు. హిందీ బైబిలులో అది ‘భజన సంహిత’, బంగాళీలో ‘గీతసంహిత’. హీబ్రూ మూలమున దాని పేరు ‘తెహిల్లీమ్’, అనగా స్తుతులు. గ్రీకువారు పెట్టిన ‘ప్సాల్మోయ్’ అను పేరు తంతులను మీటి పాడెడి పాటలను సూచించును. పేర్లన్నియు పాటనో, స్తుతినో చెప్పుచున్నవి. కాని లోపలకు ప్రవేశించినవానికి తొలుత వినవచ్చునది మొర. జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ (1862-1932) ఈ నూటయేబది కీర్తనలను జాతులుగా విభజించి చూచినపుడు, ఒంటరి మానవుని మొరలే అన్నిటికంటె పెద్ద వర్గమని తేలినది. పదమూడవ కీర్తన ఆరు వచనముల చిన్న పాట. అందులో ‘ఎంతవరకు’ అను ప్రశ్న మొదటి రెండు వచనములలోనే నాలుగుమారులు వచ్చును. మూడు నాలుగు వచనములలో వేడికోలు, చివరి రెండింటిలో నమ్మకము. కష్టము తీరినదని మాత్రము ఎక్కడను లేదు. ఎనుబదియెనిమిదవ కీర్తనలో ఆ నమ్మకపు ముగింపు కూడ లేదు. అది చీకటిలోనే ఆగిపోవును.

దేవునితో తగవులాడుట భక్తికి విరుద్ధమని తెలుగు పాఠకుడెవ్వడును అనడు. గోలకొండ చెరసాలలో భద్రాచల రామదాసు తన రాముని నిలదీసి అడిగినాడు. ఆ నిందాస్తుతి నేటికిని భజనమందిరములలో పాడబడుచున్నది. తులసీదాసు తన ‘వినయపత్రిక’ను రాముని సన్నిధికి పంపుకొన్న విన్నపముగానే కూర్చినాడు. కాని రామదాసు పాటలో రామదాసు ఉన్నాడు; ఆయన బాధ ఆయనది. కీర్తనల సంగతి కొంత వేరు. నాలుగవ శతాబ్దికి చెందిన అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ మార్సెల్లీనసునకు వ్రాసిన లేఖలో ఈ భేదమునే చూపినాడు. తక్కిన లేఖనములను చదువువాడు ఇతరుల మాటలుగా చదువును. కీర్తనలను చదువువాడు తన మాటలుగానే పలుకును. అవి వానికి అద్దము వంటివి అని ఆయన భావము. అనగా, ఎవరో ఎప్పుడో పలికిన మాటను అరువు తెచ్చుకొని తనదిగా చేసికొనుటయే కీర్తనలతో ప్రార్థించుట.

అరువు తెచ్చుకొన్నది తనది కావలెనన్నచో దానిని ఎరుగవలెను. అధ్యయనము యొక్క అవసరము ఇచ్చటనే పుట్టుచున్నది.

గోల్‌బజార్‌కు సమీపమున నివసించు ఒక పెద్దాయన రైల్వే కర్మాగారములో పనిచేసి విరమించినవాడు. ఉద్యోగకాలమున ఉదయపు సైరను మ్రోగకముందే ఒక కీర్తనను పుస్తకము చూడక వల్లించుట ఆయన అలవాటు. విరామానంతరము సైరనుతో పనిలేకపోయినను అలవాటు పోలేదు. ఆయన మనుమరాలు హిందీ మాధ్యమమున చదివినది. తెలుగు మాటలాడగలదు, చదువలేదు. అందుచేత తాత నోటివెంట వచ్చిన తెలుగు కీర్తనలను ఒక నోటుపుస్తకములో దేవనాగరి లిపిలో వ్రాసికొనుట మొదలుపెట్టినది. అర్థము సందేహమైనచోట హిందీ బైబిలును ప్రక్కన పెట్టుకొనెడిది. అట్లు పోల్చి చూచుచుండగా నూటముప్పదియేడవ కీర్తనయొద్ద ఆమెకొక చిక్కు ఎదురైనది.

“తాతా, నీ కీర్తన ఆరవ వచనము దగ్గర ఆగిపోయినది. హిందీ పుస్తకములో ఇంకను మూడు వచనములున్నవి.”

“అవి నోట పలుకదగినవి కావమ్మా. మా నాన్నయు పలుకలేదు.”

“పలుకగూడనివైతే పుస్తకములో ఎందుకుంచినారు?”

ఆ ప్రశ్నకు పెద్దాయనయొద్ద జవాబు లేకపోయినది. ఆయన ఒక్కనియొద్దనే కాదు. 1971లో వెలువడిన రోమను కథోలిక ప్రార్థనా గ్రంథము యేబదియెనిమిది, ఎనుబదిమూడు, నూటతొమ్మిది సంఖ్యలు గల మూడు కీర్తనలను పూర్తిగను, మరికొన్నిటిలోని శాప వచనములను దినప్రార్థనల క్రమమునుండి తొలగించినది. నూటముప్పదియేడవ కీర్తన చివరిభాగమును అట్లు తొలగినదే. కేవలము ప్రార్థించువాడు తాను భరింపలేని వచనమును మెల్లగా విడిచిపెట్టును. కేవలము పరిశోధించువాడు దేనిని విడువడు, కాని వానికి దేనితోను పనిలేదు.

ఆ కీర్తన పుట్టుక తెలిసినచో చిక్కు కొంత విడును. క్రీస్తుపూర్వము 586 ప్రాంతమున బబులోను సేనలు యెరూషలేమును కూల్చి, దేవాలయమును తగులబెట్టి, జనులను చెరగొనిపోయినవి. పట్టుకొనిపోయినవారు పాడుమని అడిగిరి. పట్టువడినవారు వీణలను చెట్లకు తగిలించిరి. చివరి మూడు వచనములు పలికినవాడు తన బిడ్డల చావును కన్నులార చూచినవాడు. వాని చేతిలో కత్తి లేదు. పగ తీర్చుకొనెడి బలము లేదు. ఉన్నది మాట ఒక్కటే, దానిని దేవుని ముందు పెట్టినాడు. అదే మాట గెలిచినవాని నోట పడినచో ఘోరమైన ఆయుధమగును. ఏ మాట ఎవరి నోటిదో తెలిపెడిది అధ్యయనము. ఆ నోటివానిని తలచుకొని, వానికొరకు ఆ మాటను మోయునది ప్రార్థన.

ఖరగ్‌పూరు వంటి ఊరిలో మొర అను మాటకు నిఘంటువు అక్కరలేదు. 1927లో ఇదే కర్మాగారమున కార్మికుల తొలగింపు తలపెట్టినపుడు సమ్మె జరిగినది, లాకౌటు జరిగినది. అటుపిమ్మట రాష్ట్రపతియైన వి.వి. గిరి నాడు ఆ రైల్వే కార్మికుల పక్షమున నిలిచి పనిచేసెను. పనికై ఊరు విడిచి వచ్చినవాడు ఆ పనియు పోయిన దినమున ‘ఎంతవరకు’ అని అడుగుటకు దావీదు వంశమున పుట్టనక్కరలేదు.

నోటుపుస్తకపు పని సాగినకొలది మనుమరాలికి మరియొక సంగతి కనబడినది. నూటమూడవ కీర్తనలో భక్తుడు తనలో తాను మాటలాడుకొనును. తెలుగులో అతడు పిలుచునది ‘ప్రాణము’ను, హిందీలో ‘మన్’ను. మూలమునందలి హీబ్రూ మాట ‘నెఫెష్’. దానికి గొంతు, ఊపిరి, ఆకలిదప్పులతో కూడిన జీవము అని అర్థములు కలవు. హిందీ అనువాదకుడు తలపును ఎన్నుకొన్నాడు. తెలుగు అనువాదకుడు ఊపిరిని ఎన్నుకొన్నాడు. ఈ ఒక్కచోట తెలుగు మూలమునకు దగ్గరగా నిలిచినది. నూటముప్పదియారవ కీర్తనలో పల్లవివలె ఇరువదియారుమారులు వచ్చెడి ‘హెసెద్’ అను మాట తెలుగులో ‘కృప’ అయినది, హిందీలో ‘కరుణ’ అయినది. ఒకసారి ఇచ్చిన మాటను కడవరకు విడువని నమ్మకము ఆ మూలపదములోని ఒక పాలు. కృపయు కరుణయు దానిని పూర్తిగా పట్టలేవు. రెండు భాషలు తెలిసినవానికి ఈ కొరత కనబడును. ఒక్కటే తెలిసినవానికి కనబడదు.

అట్లయినను కీర్తనలు అనువాదమునకు తట్టుకొనినంతగా తక్కిన కవిత్వము తట్టుకొనదు. దీనికి కారణమును 1753లో అచ్చయిన తన ఉపన్యాసములలో ఆంగ్ల పండితుడు రాబర్ట్ లోత్ వివరించినాడు. హీబ్రూ కవి ప్రాసపై ఆధారపడలేదు. ఒక పాదములో చెప్పిన భావమును రెండవ పాదములో మార్చియో, పెంచియో, ఎదురు నిలిపియో మరల చెప్పును. ధ్వని పోయినను భావముల జంట మిగులును. నష్టము లేకపోలేదు. నూటపందొమ్మిదవ కీర్తనలోని నూటడెబ్బదియారు వచనములు, హీబ్రూ అక్షరమాల క్రమమున అక్షరమునకు ఎనిమిదేసి చొప్పున కూర్చబడినవి; ఆ అల్లిక అనువాదములలో సాధారణముగా నిలువదు.

లిపి పోవుట మాత్రము తాతకు పెద్ద బెంగ. తన తరువాత ఇంటిలో తెలుగు బైబిలును విప్పి చదువువారుండరు. ఆ బెంగ ఉత్తది కాదు. కాని అది క్రొత్తదియు కాదు. అలెగ్జాండ్రియాలో స్థిరపడిన యూదుల బిడ్డలు హీబ్రూ మరచినందువలననే క్రీస్తుకు పూర్వమే వారి గ్రంథములు గ్రీకులోనికి వచ్చినవి. మూడవ శతాబ్దిలో ఓరిజెన్ అను పండితుడు పలు పాఠములను ప్రక్కప్రక్కన కూర్చిన ‘హెక్సాప్లా’లో మొదటి వరుస హీబ్రూ, రెండవ వరుసలో ఆ హీబ్రూనే గ్రీకు లిపిలో వ్రాయించినాడు. దేవనాగరిలో తెలుగు వ్రాసికొన్న బాలిక ఆ సంగతి ఎరుగకయే ఆ పనియే చేసినది. వంగభూమికి తెలుగు అక్షరము అపరిచితమును కాదు. 1812 మార్చిలో శ్రీరామపుర ముద్రణాలయము తగులబడినపుడు విలియం కేరీ తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి కాలిపోయినది; ఆయన మరల వ్రాసి 1814లో అచ్చొత్తించినాడు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చటనే అచ్చయినది. ఖరగ్‌పూరుకు రైలు రాకముందే తెలుగు ప్రార్థన ఈ నేలపై సీసపు అచ్చులో నిలిచియుండెను.

ఆ మూడు వచనములను తాత నేటికిని పలుకడు. ఆయన ఆరవదాని దగ్గర ఆగినపుడు, మనుమరాలు మిగిలినవానిని హిందీలో నెమ్మదిగా చదువును. ఆయన లేచిపోక, తలవంచుకొని వినును. ఇద్దరికిని ఒకే పాట పూర్తియగుటకు రెండు భాషలు కావలసివచ్చినవి.

సిలువపై క్రీస్తు ఎలుగెత్తి పలికినది ఇరువదిరెండవ కీర్తనలోని మొదటి మాట. మత్తయి, మార్కు సువార్తలు దానిని భద్రపరచినవి. అది గ్రంథపు హీబ్రూలో కాదు, ఇంటిలో మాటలాడెడి అరమేయికులో వచ్చినది. అరువు తెచ్చుకొన్న మాట తనది అగుట అనగా అదియే. చిన్ననాడు నేర్చినది, అర్థమెరిగి దాచుకొన్నది, ఆపత్కాలమున ఏ భాష నోటికి వచ్చునో ఆ భాషలోనే లేచి వచ్చును.